రోబర్న్ మీటింగు: 1.8 బిలియన్ డాలర్ల కేసు వెనకున్న 2011

ఆస్ట్రేలియా ఆదివాసీ తెగల్లో ఒకటైన యింజిబార్ండి ప్రజలు అడుగుతున్న 1.8 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో, వాళ్ల నేల మీద ఫోర్టెస్క్యూ కంపెనీ సోలమన్ గనుల నుంచి 2013లో ఇనుప ఖనిజం తియ్యడం మొదలుపెట్టింది. వాళ్లతో ఒప్పందం అనేది లేకుండానే. అంకె పెద్దది కాబట్టి అందరి చూపూ దాని మీదే ఉంది. ఆ అంకెలో పవిత్ర స్థలాల నష్టంతో పాటు, తమ మనుషుల్ని రెండుగా చీల్చినందుకు అడిగిన పరిహారం కూడా ఉందన్న సంగతి చాలామంది గమనించలేదు.

ఆదివాసీలకి తమ నేల మీద హక్కుందని (నేటివ్ టైటిల్) ఒప్పుకున్న మాబో తీర్పు, దాని తర్వాత వచ్చిన 1993 నాటి నేటివ్ టైటిల్ చట్టం చాలాసార్లు చెప్పుకున్నవే. ఇక్కడ కావాల్సింది ఒక్క ముక్క: గని వద్దు అని చెప్పే హక్కు ఆ చట్టం ఇవ్వలేదు, బేరమాడే హక్కు మాత్రమే ఇచ్చింది. ఆరు నెలలు మాట్లాడుకున్నా తేలకపోతే కంపెనీ ఇలాంటి పేచీలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఆ మాటలు ఫలానా దశ దాకా సాగి ఉండాలన్న షరతు కూడా లేదని 2009లో ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. ఆ కేసులోనూ గని కంపెనీ ఫోర్టెస్క్యూనే, అవతలి పక్షం వేరే తెగల వాళ్లు.

ఇక కార్పొరేషన్ సంగతి. కోర్టు గుర్తించిన హక్కులు చూసుకోడానికి ఒక కార్పొరేషన్ ఉండాలని చట్టం అంటుంది. 2006 నాటి ప్రత్యేక చట్టం కింద దానికి సభ్యులు, డైరెక్టర్లు, వార్షిక సమావేశం, పైన ఒక రిజిస్ట్రార్ ఉంటారు. అంటే పెద్దల మాట మీద నడిచిన సమాజంలో నిర్ణయం చేతులెత్తే మీటింగుకి మారింది. ఎవరు పిలిచారు, ఎవరు లెక్కపెట్టారు అన్నది ప్రాణం మీదకొచ్చే విషయమైంది.

ఫోర్టెస్క్యూ ఇవ్వజూపింది ఏడాదికి సుమారు 10 మిలియన్ డాలర్లు, అంతకు మించదు. అందులో నగదు సుమారు 4 మిలియన్లు, మిగతాది శిక్షణ, ఉద్యోగాల రూపంలో. మైకేల్ వుడ్లీ నాయకత్వంలోని యింజిబార్ండి అబొరిజినల్ కార్పొరేషన్ ఒప్పుకోలేదు. ఆదాయంలో శాతం కావాలంది. 2010లో విర్లుమురా పేరుతో ఇంకో కార్పొరేషన్ పుట్టింది. దానికి డబ్బు సాయం ఫోర్టెస్క్యూదే. 2011 మార్చిలో రోబర్న్ ఊళ్లో మీటింగు పెట్టారు. కంపెనీ ఒప్పందానికి ఆమోదం, నేల మీద హక్కు గుర్తించమని ఫెడరల్ కోర్టులో యింజిబార్ండి తరఫున కేసు నడిపేవాళ్ల మార్పు అజెండా. హాలు అరుపులతో నిండింది. అన్నదమ్ముల పిల్లలు చెరోవైపు నిలబడ్డారు. ఆ వీడియో ఇంటర్నెట్‌లోకి వచ్చాక దేశమంతా చూసింది.

కంపెనీ వైపు మాట కూడా ఉంది. చేతికి డబ్బిస్తే ఊళ్లు బాగుపడవు, ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఇస్తేనే బాగుపడతాయని ఫోర్టెస్క్యూ వ్యవస్థాపకుడు ఆండ్రూ ఫారెస్ట్ వాదన. విర్లుమురాలో చేరినవాళ్లకీ కారణాలున్నాయి. గని ఎలాగూ వస్తుంది, దొరికిందేదో తీసుకుందాం అనుకోవడం ద్రోహమేమీ కాదు. కానీ బేరానికి కూర్చున్న కంపెనీయే అవతలి పక్షంలో ఒక వర్గానికి ఖర్చులు భరిస్తే దాన్ని బేరం అనడం కష్టం.

కేసు నడిపేవాళ్లని మార్చాలని 2015లో ఇంకో ప్రయత్నం జరిగింది. ఫెడరల్ కోర్టు జడ్జి జస్టిస్ రేర్స్ కొట్టేశారు. 2017లో ఆయనే, సోలమన్ గనులున్న చోటుతో సహా ఆ ప్రాంతం మీద యింజిబార్ండికి సంపూర్ణ హక్కుందని తీర్పిచ్చారు. ఫోర్టెస్క్యూ అప్పీలు 2019లో వీగిపోయింది. 2020 మేలో హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, అప్పీలుకి అనుమతే ఇవ్వలేదు. పిల్బరాలోనే ఇంకో తెగకి పవిత్రమైన జూకన్ గార్జ్ గుహల్ని రియో టింటో అనే గని కంపెనీ పేల్చిందీ ఆ నెలలోనే. ప్రపంచం అటు చూసింది, ఇది మరుగునపడింది.

2011 మీటింగు తర్వాతి ఏళ్లలో యింజిబార్ండి కార్పొరేషన్ కోర్టు చుట్టూ తిరగడమే కాదు, వేరే పనీ చేసింది. రోబర్న్‌లో విక్టోరియా హోటల్ అని పాత బార్ ఒకటుంది. 1983లో దాని బయట డ్యూటీలో లేని పోలీసులతో గొడవ జరిగిన రాత్రే పదహారేళ్ల జాన్ పాట్ లాకప్‌లో చనిపోయాడు. అబొరిజినల్ కస్టడీ మరణాలపై రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసే ఉన్నత స్థాయి విచారణ) కోసం సాగిన ఉద్యమానికి ఆ పేరే ముఖమైంది. మూతపడిన ఆ భవనాన్ని కార్పొరేషన్ కొని, బాగుచేయించి, గనాలిలి సెంటర్‌గా తెరిచింది. 2023లో ఏసెన్ కంపెనీతో కలిసి సౌర, పవన విద్యుత్తులోకి దిగింది. అందులో యింజిబార్ండి వాటా కనీసం 25 శాతం, ఎక్కడ కట్టాలన్నా వాళ్ల అనుమతి తప్పనిసరి. 2011లో అడిగితే దొరకనివి సరిగ్గా ఇవే.

పరిహారం ఇవ్వాల్సిందేనని ఫోర్టెస్క్యూ ఒప్పుకుంటోంది. పేచీ అంతా ఎంత అన్నదాని మీద, కంపెనీ కట్టాలా ప్రభుత్వం కట్టాలా అన్నదాని మీద. కొలతకి పెద్దగా ఆధారమున్నది నార్తర్న్ టెరిటరీలోని టింబర్ క్రీక్ ఊరి మీద హైకోర్టు 2019లో ఇచ్చిన తీర్పే. అందులో మొత్తం సుమారు 2.5 మిలియన్ డాలర్లు, సాంస్కృతిక నష్టానికి 1.3 మిలియన్లు. అదొక చిన్న ఊరి స్థలాల కేసు. అక్కడ గనీ లేదు, కంపెనీ డబ్బుతో నడిచిన రెండో కార్పొరేషనూ లేదు.