ఆ టోపీ మీద దూలం ఎందుకు గీశారు?

పారిస్‌కు దక్షిణాన పితివియే అని ఒక చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ యూదులను నిర్బంధించిన శిబిరం ఉండేది. దానికి కాపలా కాస్తున్న ఒక మనిషి ఫోటో, నాజీ శిబిరాల మీద అలెన్ రెనె 1955లో తీసిన 'నైట్ అండ్ ఫాగ్' డాక్యుమెంటరీలో కొద్ది సెకన్లు కనిపిస్తుంది. అతను మనకు వీపు పెట్టి నిలబడ్డాడు. మొహం తెలీదు. టోపీ మాత్రం ఫ్రెంచి పోలీసుది. సెన్సారు వాళ్ళు ఆ టోపీ దగ్గరే పట్టుబట్టారు. చివరికి దాని మీద ఒక దూలం గీసి కప్పేశారు. సినిమా నిండా శవాల గుట్టలున్నాయి, అది వేరే సంగతి.

ఒక్క టోపీకి అంత టెన్షన్ ఎందుకు? 1944 ఆగస్టులో జర్మన్ల చేతి నుంచి పారిస్ విముక్తి అయిన రోజున, నగరం తనను తానే విడిపించుకుంది, ఫ్రాన్స్ అంతా తోడు నిలిచింది అన్నాడు ఫ్రెంచి నాయకుడు డిగాల్. జర్మన్లతో చేతులు కలిపిన విషీ ప్రభుత్వం చట్టప్రకారం చెల్లనే చెల్లదన్నారు. కానీ 1942 జులై 16, 17 తేదీల్లో పారిస్‌లో సుమారు 13 వేల మంది యూదులను ఇళ్ళ నుంచి పట్టుకెళ్ళింది ఫ్రెంచి పోలీసులే. వాళ్ళలో చాలామందిని చేర్చింది పితివియే లాంటి శిబిరాలకే.

1969లో దర్శకుడు మార్సెల్ ఓఫుల్స్ ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్-ఫెరాన్ ఊళ్ళో జనాన్ని కూర్చోబెట్టి జర్మన్ల ఆక్రమణ రోజుల గురించి మాట్లాడించాడు. ఆ డాక్యుమెంటరీ, 'ది సారో అండ్ ది పిటీ', నాలుగు గంటల పైనే ఉంటుంది, కానీ నాకు మరపురానిది ఒక దుకాణదారు. పేరు చూసి జనం యూదుడనుకుంటున్నారని, తను కాదంటూ అప్పట్లో పేపర్లో ప్రకటన వేయించుకున్నాడట. దుర్మార్గుడేం కాదు, బేరం పోతుందని భయపడ్డవాడు. టీవీ కోసం తీసిన ఈ సినిమా ఫ్రెంచి టీవీలో వచ్చింది 1981లో. ఈలోగా 1974లో దర్శకుడు లూయీ మాల్ ఇంకో అడుగు వేశాడు. 'లకాం, లూసియెన్'లో పల్లెటూరి కుర్రాడు ముందు జర్మన్లతో పోరాడే ప్రతిఘటన దళంలో చేరతానంటాడు. వాళ్ళు వద్దన్నాక నాజీ రహస్య పోలీసులైన గెస్టపో పంచన చేరతాడు. సిద్ధాంతం గిద్ధాంతం ఏమీ లేదు. హీరో, విలన్ లెక్క తేలక అప్పట్లో చాలామందికి ఒళ్ళు మండింది.

ప్రభుత్వం నోరు విప్పింది ఇంకా ఆలస్యంగా. 1992లో కూడా అధ్యక్షుడు మిత్తెరాన్, విషీ చేసినదానికి ఫ్రెంచి రిపబ్లిక్ బాధ్యురాలు కాదనే అన్నాడు. 1995 జులై 16న తర్వాతి అధ్యక్షుడు షిరాక్ ఆ నేరానికి ఫ్రెంచి రాజ్యం తోడుపడిందని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు దొరికే 'నైట్ అండ్ ఫాగ్' ప్రింట్లలో దూలం లేదు. కాపలావాడు టోపీతోనే ఉంటాడు.