పేరు చెప్పని వాటాదారుడు: టోకెన్ షేర్ల తగువు 2012లోనే ముదిరింది

చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ, రాకెట్ల సంస్థ స్పేస్‌ఎక్స్ పేర్లతో టోకెన్లు (షేరు విలువకు ముడిపెట్టి బ్లాక్‌చెయిన్ మీద ఇచ్చే డిజిటల్ చీటీలు) తెస్తున్నామని 2025 జూన్ 30న అమెరికా బ్రోకరేజీ సంస్థ రాబిన్‌హుడ్ ఫ్రాన్స్‌లోని కాన్‌లో సభ పెట్టి మరీ ప్రకటించింది. యూరప్ ఖాతాదారులకు తలా 5 యూరోల విలువైన టోకెన్లు ఉచితంగా ఇస్తామంది. రెండు రోజులు తిరిగేసరికి ఓపెన్‌ఏఐ అడ్డం తిరిగింది. అవి మా షేర్లు కావు, ఆ సంస్థతో మాకు ఏ ఒప్పందమూ లేదు, మా వాటా చేతులు మారాలంటే మా అనుమతి తప్పనిసరి అని బహిరంగంగానే చెప్పేసింది. యూరప్‌లో రాబిన్‌హుడ్‌కు లైసెన్సు ఇచ్చిన లిథువేనియా కేంద్ర బ్యాంకు వివరణ అడిగింది. ఓపెన్‌ఏఐలో వాటా ఉన్న మరో సంస్థలో తమకు వాటా ఉందనీ, టోకెన్ వెనక ఉన్నది అదేననీ రాబిన్‌హుడ్ సమాధానం. అప్పటి నుంచి ఈ గొడవ చల్లారినట్టే ఉంటుంది, ఇంకో ఎక్స్ఛేంజీ ఇంకో టోకెన్‌తో రాగానే మళ్లీ రాజుకుంటుంది.

బిట్‌కాయిన్ ఎలా పుట్టింది, బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటి అన్నవి చాలామందికి తెలిసినవే. వాటిని వదిలేద్దాం. ఈ తగువు మూలం 2012 అక్టోబర్ మొదటి వారంలో ఉంది.

అప్పట్లో గ్లోబల్ బిట్‌కాయిన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అని ఒకటి ఉండేది. పొడి అక్షరాల్లో జీఎల్‌బీఎస్‌ఈ. పేరు చూస్తే ముంబై, న్యూయార్క్ స్థాయిలో ఉంది గానీ నిజానికి అదొక వెబ్‌సైట్. నెఫారియో అనే మారుపేరుతో జేమ్స్ మెకార్తీ దాన్ని నడిపేవాడు. బిట్‌కాయిన్ మైనింగ్ (కంప్యూటర్లు నడిపి కొత్త నాణేలు సంపాదించడం) చేసేవాళ్లు, జూదం సైట్ల వాళ్లు అక్కడ షేర్లు, బాండ్లు పెట్టి బిట్‌కాయిన్లలో డబ్బు పోగు చేసుకునేవారు. మైనింగ్ చిప్‌ల తయారీకి దిగిన చైనా సంస్థ ఆసిక్‌మైనర్ 4 లక్షల షేర్ల లెక్క కట్టి, షేరుకు 0.1 బిట్‌కాయిన్ చొప్పున అమ్మింది అక్కడే. కొనేవాడు పాన్ కార్డు లాంటిదేదీ చూపనక్కర్లేదు. ఈమెయిలు, పాస్‌వర్డ్ ఉంటే చాలు. ఆ సైట్‌కు జనం వచ్చిందే అందుకు.

అదే సైట్‌లో టెక్సస్‌కు చెందిన ట్రెండన్ షేవర్స్ పథకానికి ముడిపెట్టిన బాండ్లు కూడా నడిచాయి. వారానికి 7 శాతం వడ్డీ అని అతని మాట. నెలకు కాదు, వారానికి! 2012 ఆగస్టులో ఆ పథకం కుప్పకూలింది. దాని బాండ్లు కొన్నవాళ్లు గగ్గోలు పెడుతుండగానే, అక్టోబర్ మొదట్లో జీఎల్‌బీఎస్‌ఈ ఉన్నట్టుండి మూతపడింది. న్యాయవాదుల సలహా మీదే మూశానని మెకార్తీ అన్నాడు. భాగస్వాముల మధ్య తగాదాలూ బయటికొచ్చాయి.

సైట్ మూతపడగానే ఎవరి నాణేలు వాళ్లకు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. అంతకంటే పెద్ద చిక్కు షేర్లది. ఒక మైనింగ్ సంస్థ తన లాభంలోంచి డివిడెండ్ పంచాలనుకుంది అనుకుందాం. ఎవరికి పంచాలి? వాటాదారుల జాబితా సంస్థ దగ్గర లేదు. ఉన్నదంతా సైట్ డేటాబేస్‌లోని వరసలే. ఒక ఈమెయిలు, ఒక బిట్‌కాయిన్ చిరునామా, పక్కన షేర్ల సంఖ్య. సైట్ నడిపినవాడు ఆ వరసలు తీసి ఇచ్చేదాకా, తన యజమానులు ఎవరో ఆ సంస్థకే తెలియదు. వాటాదారులు తమ సొమ్ము తిరిగి అడగాలంటే ముందుకొచ్చి వివరాలు ఇచ్చుకోవాల్సి వచ్చింది. పేరు చెప్పనక్కర్లేదన్న భరోసాతో వచ్చిన జనం, పేరు చెప్తేనే పని జరిగే చోట చిక్కుకున్నారు.

తర్వాత కోర్టుల్లో నడిచినవీ, 2025లో ఓపెన్‌ఏఐ అన్నదీ ఈ ముడి చుట్టూనే తిరుగుతున్నాయి. షేరు అంటే కంపెనీ రిజిస్టర్‌లో ఒక పేరు. ఆ పేరు లేకుండా చేతులు మారేది ఏదైనా ఉండొచ్చు, అది షేరు కావడం కష్టం.

మన దగ్గర డీమ్యాట్ రాకముందు ఈ అవస్థ బాగా ఎరిగిన తరం ఇంకా ఉంది. అమ్మినవాడు సంతకం పెట్టి, కొనేవాడి పేరు ఖాళీగా వదిలేసిన బదిలీ ఫారం షేరు సర్టిఫికెట్‌తో పాటు పది చేతులు మారేది. డివిడెండ్ మాత్రం రిజిస్టర్‌లో పేరున్నవాడి ఇంటికే వెళ్లేది. బోనస్ షేర్లూ అంతే. సర్టిఫికెట్ బీరువాలో ఉన్నవాడు పాత యజమాని వెంట పడాలి. 1996లో డిపాజిటరీల చట్టం వచ్చి, షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచే ఎన్‌ఎస్‌డీఎల్ మొదలయ్యాక గానీ ఆ బాధ తీరలేదు.

జీఎల్‌బీఎస్‌ఈ పోయాక అందరూ ఒకే పాఠం నేర్చుకోలేదు. రొమేనియాకు చెందిన మిర్చా పొపెస్కు నడిపిన మరో బిట్‌కాయిన్ షేర్ల సైట్ ఎంపెక్స్ గోప్యతను ఇంకా బిగించింది. సభ్యత్వానికి 30 బిట్‌కాయిన్లు కట్టాలి. ఆ తర్వాత మనిషికి గుర్తింపు అతని పీజీపీ తాళంచెవే, అంటే డిజిటల్ సంతకం పెట్టే రహస్య సంకేతమే. ఆర్డరు మీద ఆ డిజిటల్ సంతకం సరిపోతే చాలు, సంతకం ఎవరిదన్న ఆరా లేదు. 2014లో అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ కాగితాలు అడిగితే పొపెస్కు ఆ ఉత్తరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టి ఎగతాళి చేశాడు. ధైర్యమే అనుకోవాలి. కానీ ఎక్స్ఛేంజీ చేతికి అందకపోతే షేర్లు అమ్మినవాడు అందుతాడు. ఎంపెక్స్‌లో సతోషీడైస్ అనే బిట్‌కాయిన్ జూదం సైట్ షేర్లు అమ్మిన ఎరిక్ వూర్హీస్ అమెరికన్. ఎస్‌ఈసీ దగ్గర రిజిస్టర్ చేయకుండా షేర్లు అమ్మినందుకు 2014 జూన్‌లో లాభం 15,843 డాలర్లు వెనక్కి కట్టి, మీద 35,000 డాలర్ల జరిమానా చెల్లించి రాజీ చేసుకున్నాడు.

అంతకు పది నెలల ముందే ఒక న్యాయమూర్తి ఈ దారి తెరిచారు. బిట్‌కాయిన్ డబ్బు కాదు కనుక నా పథకానికి సెక్యూరిటీల (షేర్లు, బాండ్ల లాంటి పెట్టుబడుల) చట్టం వర్తించదని షేవర్స్ వాదించాడు. టెక్సస్ ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఏమాస్ మజాంట్ 2013 ఆగస్టు 6న దాన్ని కొట్టేశారు. బిట్‌కాయిన్‌తో సరుకులు కొనొచ్చు, దాన్ని మామూలు కరెన్సీలోకి మార్చుకోవచ్చు, కాబట్టి అది డబ్బే, దానితో పెట్టింది పెట్టుబడే అన్నారు. ఆ తీర్పు వెలువడిన రెండు నెలల్లోపే ఈతన్ బర్న్‌సైడ్ తన సైట్లు మూసేస్తానని ప్రకటించాడు.

బర్న్‌సైడ్ ఒక కంప్యూటర్ ప్రోగ్రామర్. బిట్‌కాయిన్ లాంటిదే అయిన లైట్‌కాయిన్‌తో ఒకటి, బిట్‌కాయిన్‌తో ఒకటి, రెండు వర్చువల్ స్టాక్ ఎక్స్ఛేంజీలు 2012 ఆగస్టు నుంచి 2013 అక్టోబర్ దాకా నడిపాడు. 2014 డిసెంబర్ 8 నాటి ఎస్‌ఈసీ ఉత్తర్వులో అతని మీద మోసం ఆరోపణ లేదు. ఎక్స్ఛేంజీగా నమోదు కాలేదు, బ్రోకర్‌గా నమోదు కాలేదు, తన సొంత మైనింగ్ షేర్లను రిజిస్టర్ చేయకుండా అమ్మాడు. తప్పు అంతవరకే. విచారణకు సహకరించాడు కూడా. మొత్తం 68,000 డాలర్లకు పైగా కట్టాడు, సెక్యూరిటీల రంగం నుంచి నిషేధం పడింది, రెండేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. ముందుగా చెప్పి, గడువిచ్చి మూసిన మనిషికి కూడా ఇంత పడిందేమిటని అప్పట్లో క్రిప్టో జనం బాధపడ్డారు. ఆ బాధలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ అతను సైట్లు మూసిన 2013లోనే పక్క సైట్‌లో జరిగింది చూస్తే, నమోదు ఎందుకన్న ప్రశ్న మళ్లీ ఎవరూ అడగరు.

ఆ పక్క సైట్ బిట్‌ఫండర్. నడిపింది జాన్ మాంట్రోల్. జనం బిట్‌కాయిన్లు దాచుకునే విఎక్స్ఛేంజ్ అనే వాలెట్ సంస్థా అతనిదే. 2013 జూలై చివర్లో హ్యాకర్లు బిట్‌ఫండర్ ప్రోగ్రామ్‌లో ఒక లొసుగు పట్టుకున్నారు. తమకు రాని లాభాలు వచ్చినట్టు ఖాతాల్లో రాయించుకుని, విఎక్స్ఛేంజ్ నుంచి 6,000కు పైగా బిట్‌కాయిన్లు లాగేశారు. అంటే ఖాతాల్లో కనిపించే నిల్వకూ పెట్టెలో ఉన్న నాణేలకూ పొంతన పోయింది. మాంట్రోల్ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. సైట్ బాగా నడుస్తోందన్నట్టే ఉండి, కొత్తగా మరో పథకం పెట్టి ఇన్వెస్టర్ల నుంచి ఇంకో 978 బిట్‌కాయిన్లు తీసుకున్నాడు. ఆ నవంబర్‌లో ఎస్‌ఈసీ విచారణకు పిలిస్తే, నిల్వలు భద్రంగా ఉన్నట్టు ఒక తప్పుడు స్క్రీన్‌షాట్ ఇచ్చాడు. అందులో కనిపించింది 6,679 బిట్‌కాయిన్లకు పైనే. అదే అతని కొంప ముంచింది. 2018 ఫిబ్రవరిలో కేసు, జూలైలో నేరాంగీకారం, 2019 జూలైలో 14 నెలల జైలు.

నియమాలు లేని చోట ఖాతాదారుడికి ఉన్న ఆధారం సైట్ యజమాని చూపే తెర ఒక్కటే. యజమాని తెర మార్చేస్తే పట్టుకునే ఆడిటర్ లేడు. కోర్టుకెళ్దామంటే ఖాతా ఒక మారుపేరు మీద ఉంది.

ఆ తర్వాత ఎస్‌ఈసీ పెద్దగా కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మనిషి బదులు ప్రోగ్రామే నడుపుతోందన్న వాదన 2018 నవంబర్‌లో ఈథర్‌డెల్టా అనే టోకెన్ల ఎక్స్ఛేంజీ విషయంలో వచ్చింది. ఆ ప్రోగ్రామ్ రాసిన జాకరీ కోబర్న్ 3 లక్షల డాలర్ల లాభం వెనక్కి కట్టాడు, 75,000 డాలర్ల జరిమానా వేరే. 2021 ఏప్రిల్‌లో క్రిప్టో ఎక్స్ఛేంజీ బైనాన్స్ టెస్లా షేరుకు టోకెన్ తెచ్చింది. ఇన్వెస్టర్లకు ఇవ్వాల్సిన వివరాల పత్రం, ప్రాస్పెక్టస్, లేదనే అనుమానం ఉందని జర్మనీ నియంత్రణ సంస్థ బాఫిన్ అదే నెలలో హెచ్చరించింది. జూలైలో బైనాన్స్ ఆ అమ్మకాలు ఆపేసింది.

2025లో వచ్చిన ఎక్స్‌స్టాక్స్ టోకెన్లు ఇంకో రకం. క్రాకెన్, బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీల్లో దొరికే వీటిని బ్యాక్డ్ అనే సంస్థ జారీ చేస్తుంది. వెనక నిజం షేరు ఉంటుంది, టోకెన్ మాత్రం ధరను అనుసరించే సర్టిఫికెట్. ఓటు హక్కు లేదు. వాలెట్ నుంచి వాలెట్‌కు తిరగొచ్చు. ఎస్‌ఈసీలో క్రిప్టోకు అందరికంటే అనుకూలమని పేరున్న కమిషనర్ హెస్టర్ పియర్స్ కూడా 2025 జూలై 9న, టోకెన్‌గా మార్చినా సెక్యూరిటీ సెక్యూరిటీయేనని తేల్చి చెప్పారు.

మరి పేర్లు తీసుకుంటే అంతా బాగుంటుందా అంటే, ఆ కథ హైదరాబాద్ దాకా వచ్చింది. అమెరికాలోని అతిపెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్‌కు విదేశాల్లో పనిచేసే కస్టమర్ సపోర్ట్ సిబ్బందిలో కొందరు లంచాలు తీసుకుని ఖాతాదారుల వివరాలు అమ్ముకున్నారు. 2025 మేలో ఇది బయటపడింది. లెక్క 69,461 మంది. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల ఫొటోలు. కేవైసీ పేరుతో చట్టం అడిగి తీసుకున్నవే ఇవన్నీ. దొంగలు 2 కోట్ల డాలర్లు అడిగితే కాయిన్‌బేస్ ఇవ్వనంది, అంతే మొత్తాన్ని ఆచూకీ చెప్పినవారికి బహుమతిగా ప్రకటించింది. డిసెంబర్ చివర్లో హైదరాబాద్ పోలీసులు ఒక మాజీ సపోర్ట్ ఏజెంట్‌ను అరెస్టు చేశారని సంస్థ అధిపతి బ్రయన్ ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పారు.

మన దేశంలో క్రిప్టో సంస్థలు 2023 మార్చి నుంచి మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఖాతాదారుడెవరో తెలుసుకోవడం, లావాదేవీల రికార్డులు దాచడం వాటి బాధ్యత. ఆ ఏడాది డిసెంబర్‌లో ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు నోటీసులిచ్చింది. వాటిలో ఒకటైన బైనాన్స్‌కు 2024 జూన్‌లో రూ.18.82 కోట్ల జరిమానా పడింది. అయితే ఇదంతా నాణేల సంగతి. షేర్ల విషయానికొస్తే గుర్తింపు పొందిన స్టాక్ ఎక్స్ఛేంజీలే నడపాలన్న 1956 నాటి సెక్యూరిటీ కాంట్రాక్టుల చట్టం అలాగే ఉంది.

అమెరికా ఎంచుకున్న దారి వేరు. షేర్లు దాచే డిపాజిటరీ డీటీసీయే టోకెన్లు జారీ చేసేలా 2025 డిసెంబర్‌లో ఎస్‌ఈసీ సిబ్బంది మూడేళ్లకు వెసులుబాటు ఇచ్చారు. ఈ వెసులుబాటు వర్తించేవాటిలో రస్సెల్ 1000 సూచీలోని పెద్ద కంపెనీల షేర్లున్నాయి. టోకెన్ ఏ బ్లాక్‌చెయిన్ మీద తిరిగినా, ముందే నమోదైన వాలెట్లలోకి మాత్రమే వెళ్లగలదు.