చప్పుడు చేయని వాల్వే ప్రమాదం

"ఇంజను పైభాగంలో టకటకమంటోంది, ట్యాపెట్లు బిగించేస్తే పోతుందా?" అని ఒక పాఠకుడి ప్రశ్న. ట్యాపెట్లంటే వాల్వుల్ని నొక్కి తెరిచే భాగాలు. పోతుంది. అతిగా బిగిస్తే దాని వెనకే ఎగ్జాస్ట్ వాల్వు (కాలిన వాయువుల్ని బయటికి వదిలేది) కూడా పోతుంది.

లోహాల వ్యాకోచం అనగానే మన పాఠాలన్నీ రైలు పట్టాల దగ్గరే ఆగిపోతాయి. వాల్వుతో చెబితే పిల్లలు ఇంకా బాగా పట్టుకుంటారు. ఎగ్జాస్ట్ వాల్వుకి వాడే ఆస్టెనిటిక్ ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. 100 మిల్లీమీటర్ల వాల్వు సగటున 250 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే 0.45 మి.మీ. పెరిగినట్టు. వాల్వులుండే అల్యూమినియం హెడ్డూ సాగుతుంది గానీ, చల్లగా ఉంటుంది కాబట్టి 0.18 దగ్గర ఆగుతుంది. మిగిలిన 0.27కి చోటు కావాలి. వాల్వు కొసకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదిలే ఆ సందే ట్యాపెట్ గ్యాపు. ఎగ్జాస్ట్‌కి ఇన్‌లెట్ (లోపలికి గాలి తీసుకునే వాల్వు) కంటే ఎక్కువ గ్యాపు ఇచ్చేదీ ఇందుకే.

ఆ చోటు లేకపోతే వాల్వు తన సీటు (మూసుకున్నప్పుడు ఆనే అంచు) మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిలో దాదాపు ముప్పాతిక వంతు వదిలించుకునేది సీటు ద్వారానే. నిమిషానికి 3000 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర ఒక్కో చక్రానికి, అంటే ఇంజను రెండు చుట్లకు, 40 మిల్లీసెకన్లు. అందులో వాల్వు మూసి ఉండేది 26 దాకా. చల్లబడటానికి ఉన్న వ్యవధి అంతే. అదీ దక్కకపోతే సందులోంచి దూసుకొచ్చే మంట అంచును కొరికేస్తుంది, కంప్రెషన్ (సిలిండరులో ఒత్తిడి) పడిపోతుంది. గ్యాసుతో నడిచే ఇంజన్లలో సీటు అరిగి వాల్వు పైకి జరిగే కొద్దీ గ్యాపు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. "బండి ఇప్పుడెంత మెత్తగా నడుస్తోందో" అని మురిసిపోయేవాళ్లే ముందు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకుల కట్ట) తీయాలి.

నూనె ఒత్తిడితో గ్యాపు తామే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లయితే ఈ పనే లేదు. గ్యాపు సరిచేసే స్క్రూ ఉన్న రాకర్లయితే (వాల్వును నొక్కే చేతులు), మాన్యువల్ వేడిమీద చూడమని చెప్పకపోతే ఇంజను పూర్తిగా చల్లారాక ప్లగ్గులు, హెడ్ కవరు తీయండి. క్రాంక్ పుల్లీ బోల్టును ఇంజను తిరిగే వైపే తిప్పండి. 1-3-4-2 ఫైరింగ్ ఆర్డరులో (సిలిండర్లు మండే వరుస) నాలుగో సిలిండరు రాకర్లు రెండూ ఒకేసారి కదులుతున్న చోట మొదటిదాని పిస్టన్ కంప్రెషన్ పైకొసన, రెండు వాల్వులూ మూసి, ఉన్నట్టు. దాని గ్యాపులు చూసి, అరచుట్టు తిప్పి మూడోదానికి వెళ్లండి. మాన్యువల్ 0.25 అంటే ఆ రేకు కాస్త పట్టుకుంటూ జారాలి, 0.30 దూరకూడదు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని పట్టి ఉంచి బిగించి, మళ్లీ కొలవండి. రాకర్ కొస గుంటపడితే రేకు ఆ గుంట మీద వంతెనలా నిలిచి తక్కువ గ్యాపు చూపిస్తుంది. కొలత సరే, టకటక ఆగలేదంటే అక్కడ చూడండి.

స్క్రూకి బదులు షిమ్ములు (గ్యాపు సరిచేసే లోహపు బిళ్లలు) ఉన్న ఇంజనుకి లెక్క వేరు: పాత షిమ్ముకి కొలిచిన గ్యాపు కలిపి, ఉండాల్సిన గ్యాపు తీసేయాలి. 2.40 షిమ్ము, 0.10 కొలత, కావలసింది 0.25 అయితే 2.25. సరిగ్గా ఆ మందం దొరక్కపోతే పరిమితి దాటకుండా కాస్త పలచనిదే వేయండి, మందంది వద్దు.