తెర అడుగున ఆ చిన్న లైను: టీవీ హెచ్చరికల మీద అపోహలు, వాస్తవాలు

చిక్కడపల్లిలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు మామ్మగారికి ఈసీ టీవీ ఉండేది. కర్రపెట్టె, ముందు పక్కకి జరిపే చెక్క తలుపులు, వాటికో బుల్లి తాళం. బ్లాక్ అండ్ వైట్ తెరకి రంగులు రావాలని పైన నీలం, కింద పచ్చ ఉన్న ప్లాస్టిక్ షీటు తగిలించారు. దాంతో అందరి నుదుళ్లూ నీలంగా, గడ్డాలు పచ్చగా కనిపించేవి. హీరో హీరోయిన్ కాస్త దగ్గరకి జరిగితే చాలు, మామ్మగారు లేచి వెళ్లి ఆ తలుపులు మూసేసేవారు. పాట మాత్రం లోపల్నుంచి వినిపిస్తూనే ఉండేది. నేను చూసిన మొదటి కంటెంట్ వార్నింగ్ అదే.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా దాదాపు అలాంటిదే. హైదరాబాద్‌లోనే ఒక ఎంటర్‌టైన్‌మెంట్ చానల్లో క్యూసీ చూస్తాను. ఎపిసోడ్ టెలికాస్ట్‌కి వెళ్లేముందు చివరిసారి చూసి ఓకే చెప్పే మనిషిని. ఏ పెళ్లికెళ్లినా నా పని తెలియగానే నాలుగైదు మాటలు తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: సీరియళ్లని కూడా సెన్సార్ బోర్డు వాళ్లు చూస్తారు.

చూడరు. సెన్సార్ సర్టిఫికెట్ సినిమాలకి. రోజువారీ సీరియళ్లకి వర్తించేది 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం, దాని కింద ఉన్న ప్రోగ్రామ్ కోడ్. ఏం చూపకూడదో అందులో ఉంటుంది. పిల్లలకి తగనివాటిని పిల్లలు ఎక్కువగా టీవీ చూసే వేళల్లో వేయకూడదనీ ఉంటుంది. అయితే ముందుగా చూసి సంతకం పెట్టాల్సింది చానలే. రాత్రి ఎనిమిదింటికి కోడలి చెంప మీద పడే దెబ్బని మూడు యాంగిల్స్‌లో మూడుసార్లు చూపించాలా వద్దా అన్నది మా గదిలో తేలాల్సిన గొడవ. సగం సార్లు నేనే ఓడిపోతాను.

అపోహ: 'ఏ' సర్టిఫికెట్ సినిమాని రాత్రి పదకొండు దాటాక వేసుకోవచ్చు.

ఎన్నింటికైనా కుదరదు. కోతలు పెట్టి, మళ్లీ సెన్సార్‌కి పంపి, టీవీకి పనికొచ్చే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. థియేటర్లో చూసిన సీను టీవీలో లేదంటే కారణం చాలాసార్లు ఇదే. ఓటీటీ లెక్క వేరు. వాళ్లు 2021 ఐటీ నిబంధనల కింద వయసు రేటింగ్ వేసి చూపిస్తారు.

అపోహ: పొగ తాగే సీను కింద 'పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం' అన్న లైను వేస్తే పనైపోతుంది, చదివేవాడు ఎవడు?

ఈ మాట అన్నవాళ్లని కూర్చోబెట్టి పావుగంట చెప్పాలనిపిస్తుంది. 2012లో అమల్లోకి వచ్చిన పొగాకు నిబంధనల ప్రకారం లైను ఒక్కటే సరిపోదు. మొదట్లో, మధ్యలో ఆరోగ్య ప్రకటన రావాలి. సీను నడుస్తున్నంతసేపూ అడుగున హెచ్చరిక చదవగలిగేలా ఉండాలి. తెల్లటి పట్టీ మీద నల్లటి అక్షరాలు, అదీ కార్యక్రమం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే. సిగరెట్ పెట్టె మీద బ్రాండ్ పేరు కనిపిస్తే దాన్ని కప్పేయాలి.

అసలు ఇబ్బంది 'చదవగలిగేలా' అన్న మాట దగ్గర వచ్చేది. పాత ట్యూబ్ టీవీలు బొమ్మని తెర కంటే కాస్త పెద్దదిగా గీసేవి. సాయంత్రం వోల్టేజ్ పడిపోతే బొమ్మ ముడుచుకుని చుట్టూ నల్ల అంచు వస్తుంది కాబట్టి, ముందే అంచులు ఫ్రేమ్ వెనక్కి పోయేలా పెట్టేవారు. ఆ సెట్లలో అట్టడుగున వేసిన అక్షరాలు సగం చెక్క వెనకే ఉండిపోయేవి. అందుకే అన్ని వైపులా పది శాతం వదిలి మధ్యలోనే అక్షరాలు పెట్టాలన్న అలవాటు పుట్టింది.

ఇంకోటి వత్తుల బాధ. ఆ టీవీలో బొమ్మ 625 గీతలు, అందులో కంటికి కనిపించేవి 576. ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు గీస్తుంది. సన్నటి అడ్డగీత ఒకే లైన్లో పడిందా, సెకనుకి ఇరవై అయిదుసార్లు వెలిగి ఆరుతూ మిణుకుమంటుంది. ఇంగ్లీషు అక్షరాలు లావుగా వేసి తప్పించుకోవచ్చు. మనకి 'ఆరోగ్యానికి'లో య వత్తు ఉంది, తలకట్లున్నాయి. లావు చేస్తే వత్తు పూడిపోతుంది, సన్నం చేస్తే మిణుకుతుంది. అందుకే చాలా ఏళ్లపాటు మా గదిలో ఓ మూల పధ్నాలుగు అంగుళాల ట్యూబ్ మానిటర్ ఉంచుకున్నాను. గ్రాఫిక్స్ కుర్రాళ్లు నవ్వేవాళ్లు. వాళ్ల పెద్ద మానిటర్లో చక్కగా కనిపించిన పట్టీ అందులో పాకిన చీమల బారులా ఉండేది.

అపోహ: ముఖం బ్లర్ చేస్తే మనిషిని దాచినట్టే.

కాదు. లైంగిక నేరాల్లో బాధితులైన పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ముఖం దగ్గర ఆగదు. పేరు, చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఉండే పేట, ఇలా గుర్తుపట్టే వీలున్న ఏదీ బయటపెట్టకూడదు. ఓసారి నా దగ్గరకి వచ్చిన క్లిప్‌లో ముఖం బాగానే చెరిపారు. వెనక గేటు మీద ఇంటి నంబరు, యూనిఫాం జేబు మీద స్కూలు బ్యాడ్జీ మాత్రం అద్దంలా కనిపిస్తున్నాయి. వీధిలో వాళ్లకి అంతకంటే ఏం కావాలి? క్లిప్ వెనక్కి పంపాను. ముఖాన్ని చెరిపిన మనిషి చెయ్యాల్సింది చేశానని నిజంగానే అనుకున్నాడు. అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

అపోహ: టీవీకి దగ్గరగా కూర్చుంటే కళ్లు పోతాయి.

కళ్లు అలసిపోతాయి, మండుతాయి, అంతేగానీ పోవు. ఉల్టా, పిల్లాడు మరీ దగ్గరకి జరుగుతున్నాడంటే ఒకసారి చూపు పరీక్ష చేయించండి, దూరంవి సరిగా కనపడక జరుగుతుండొచ్చు.

కానీ 'దూరంగా కూర్చో, లైటు వెయ్యి' అన్న పెద్దల మాటకి వేరే కారణం ఒకటుంది. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ఒక పిల్లల కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకి పన్నెండుసార్ల చొప్పున కొన్ని సెకన్లు మారిమారి మెరిశాయి. ఆ రాత్రి దాదాపు 685 మంది పిల్లల్ని ఆస్పత్రులకి తీసుకెళ్లారు, కొందరికి ఫిట్స్ వచ్చాయి. అప్పట్నుంచీ అక్కడి కార్టూన్ల మొదట్లో గది వెలుతురుగా ఉంచి తెరకి దూరంగా కూర్చోమని చెబుతుంటారు. మెరుపు మన చూపులో ఎంత ఎక్కువ మేర నిండితే ప్రమాదం అంత ఎక్కువ. మామ్మగారి టీవీ గదికి ఆ చివరన ఇంతే ఉండేది. ఇప్పుడు చిన్న ఫ్లాట్ హాల్లో యాభై అయిదు అంగుళాల తెర.

ఇక్కడ ముందు హెచ్చరిక వేసి ఊరుకుంటే చాలదు. మొదటిసారి ఫిట్స్ వచ్చేదాకా తమకి ఆ సమస్య ఉందని చాలామందికి తెలియదు, ఇక హెచ్చరిక ఎవరి కోసం? సెకనుకి మూడు మెరుపులు మించకూడదన్నది అంతర్జాతీయ సిఫార్సు. అత్తగారు షాకైనప్పుడు ముఖం మీద టపటపా వేసే తెల్ల మెరుపుల్ని నేను లెక్కపెట్టి మరీ తీయించేది అందుకే. ఎడిటర్‌కి ఫీల్ పోతుందట. పోనీ.

చివరగా, ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోరన్న మాట. 2021లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం చానల్ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే చానళ్లు కలిసి పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్లొచ్చు. నా దాకా వచ్చేవాటిలో సగం పనికిరాకుండా పోయేది ఒక్క కారణంతోనే: 'నిన్న రాత్రి మీ ఏదో సీరియల్లో' అని రాస్తారు. తేదీ, టైము, ఏ సీను అన్నది రాయండి. టైము ఉంటే ఆ సీను వెతికి తీయడానికి నాకు రెండు నిమిషాలు చాలు.