డ్రై ఐ ట్రయల్‌లో చేరమన్నారా? సంతకానికి ముందు కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక కంటి ఆసుపత్రిలో నేను క్లినికల్ ట్రయల్స్ కోఆర్డినేటర్‌ని. ఓపీలో డాక్టరుగారు "కొత్త చుక్కల మందు మీద స్టడీ నడుస్తోంది, ఇష్టమైతే వివరాలు కనుక్కోండి" అని పంపిస్తే, పేషెంటు వచ్చి కూర్చునేది నా బల్ల ముందే. ఏళ్ళు గడుస్తున్నా నన్నడిగే ప్రశ్నలు పెద్దగా మారలేదు. ఇక్కడ కళ్ళు పొడిబారడం, అంటే డ్రై ఐ వరకే మాట్లాడతాను. కేన్సర్ ట్రయల్స్ సంగతి పూర్తిగా వేరు.

అపోహ: "మనల్ని ఎలుకల్లా వాడుకుంటారు"

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో, గిరిజన హాస్టళ్ళలో ఉండేవాళ్ళతో సహా చాలామంది బాలికలకి, గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలా సమ్మతి పత్రాల మీద అమ్మానాన్నల సంతకాలు లేవు, వార్డెన్లవి ఉన్నాయి. పేరుకి అది ట్రయల్ కూడా కాదు, టీకా ఎలా అందించాలో చూసే ప్రాజెక్టు. కొందరు అమ్మాయిలు చనిపోయారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం లేదనే విచారణలో చెప్పారు గానీ సంతకాల వ్యవహారాన్ని మాత్రం ఎవరూ వెనకేసుకు రాలేకపోయారు. 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. మన జిల్లాల వాళ్ళకి 'ట్రయల్' అనగానే ఒళ్ళు జలదరిస్తే ఆ తప్పు వాళ్ళది కాదు.

అప్పటికీ ఇప్పటికీ నియమాలు చాలా మారాయి. 2019లో వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం ప్రతి ట్రయల్‌కీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. అందులో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్ళై ఉండాలి. ఒక లాయరు, ఒక మామూలు మనిషి, ఒక మహిళ ఉండి తీరాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ మీ చేతికివ్వాలి. చదవలేనివాళ్ళయితే ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి పక్కన ఉండగా వేలిముద్ర తీసుకోవాలి. సీటీఆర్ఐ అని దేశమంతటికీ ఒక రిజిస్ట్రీ ఉంది. 2009 జూన్ నుంచి ట్రయల్స్ అన్నీ అందులో నమోదు కావలసిందే. నంబరు అడగండి, ఇంటికెళ్ళి ఫోన్‌లో వెతుక్కోండి. నంబరు అడిగితే ఎవరైనా ముఖం చిట్లించారంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

అయితే ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. డ్రై ఐ ట్రయల్‌లో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం చాలా అరుదు. మీరు నిజంగా పోగొట్టుకునేవి వేరే ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: "ట్రయల్ అంటే ఇంకా మంచి వైద్యం, అదీ ఉచితంగా"

నల్లగొండ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో తొమ్మిది చుక్కల సీసాలు. రెండు ఒకటే మందు, కంపెనీలే వేరు. ఒకటి కూతురు పంపింది, ఇంకొకటి మెడికల్ షాపతను ఇచ్చింది. "ఇవన్నీ బంద్ చేయాలమ్మా" అన్నాను. ఆవిడ కవరు ఒళ్ళోకి లాక్కుని "మరి నేను రాత్రి ఎట్ల పండాలె బిడ్డా?" అంది.

ఎవరైనా అడగాల్సిన ప్రశ్న అదే. దీన్ని మేం వాష్‌అవుట్ అంటాం. కొత్త మందు పనితనం తెలియాలంటే పాత మందు ప్రభావం కంట్లోంచి పోవాలి. కాబట్టి సైక్లోస్పోరిన్ లాంటి డ్రై ఐ మందులు వారాల ముందే ఆపమంటారు. చాలా ట్రయల్స్‌లో కంటిని తడిపే మామూలు లూబ్రికెంట్ చుక్కలు కూడా వద్దంటారు, లేదా లెక్కపెట్టి వేసుకోమంటారు. కాంటాక్ట్ లెన్సులు పక్కన పెట్టాలి. ఆ రోజుల్లో కళ్ళల్లో ఇసుక పోసినట్టే ఉంటుంది, నేను దాచను. తర్వాత రన్-ఇన్ అని మరో రెండు వారాలు. చాలా స్టడీల్లో ఇది ఉంటుంది. అందరికీ మందు లేని చుక్కలే ఇస్తారు, వాటితోనే బాగుపడిపోయినవాళ్ళని పంపించేస్తారు. ఆ తర్వాతే అసలు ట్రయల్ మొదలు.

ఇక విజిట్లు. పన్నెండు వారాల ట్రయల్ అనుకుంటే అయిదారుసార్లు రావాలి, వచ్చినప్పుడల్లా సగం రోజు పోతుంది. కింది రెప్ప అంచుకి సన్నటి కాగితం పట్టీ తగిలించి అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమంటాం. ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో స్కేలుతో కొలుస్తాం. పది దాటితే పరవాలేదు, అయిదు లోపయితే నిజంగానే పొడి. పసుపు రంగు వేసి, రెప్ప కొట్టకుండా ఉంచితే కన్నీటి పొర ఎన్ని సెకన్లకి చిట్లుతుందో చూస్తాం. పిల్లలు పుట్టే వయసు స్త్రీలయితే గర్భ పరీక్ష, ట్రయల్ అయ్యేవరకు జాగ్రత్తలు. కొత్త పెళ్ళికూతురితో, అత్తగారి ఎదుట, ఈ సంగతి ఎత్తడం నాకిప్పటికీ ఇబ్బందే. ఖాళీ సీసాలు కూడా పారేయకుండా తిరిగి తేవాలి. ఒకాయన మనవడు ఇల్లు సర్దుతూ అన్నీ చెత్తబుట్టలో వేశాడు. దానికి నేను రెండు పేజీల వివరణ రాశాను.

వైద్యం మీ కోసం జరుగుతుంది. ట్రయల్ జరిగేది ఒక ప్రశ్నకి జవాబు కోసం. మీకు మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు కూడా. ఇప్పుడు వాడుతున్న చుక్కలతో హాయిగా ఉన్నవాళ్ళకి నేనైతే చేరమని చెప్పను. అన్నీ వాడి చూశాం, ఏదీ పనిచేయలేదు అనేవాళ్ళు ఆలోచించవచ్చు.

అపోహ: "డమ్మీ పడిందంటే నీళ్ళు పోసి మోసం చేసినట్టే"

డ్రై ఐ ట్రయల్స్‌లో డమ్మీ అంటే ఒట్టి నీళ్ళు కాదు. అసలు మందు కలిపే ద్రవమే, మందు మాత్రం ఉండదు. ఆ ద్రవం కూడా కంటిని తడుపుతుంది, అందుకే డమ్మీ పడ్డవాళ్ళకీ కాస్త ఊరట ఉంటుంది. ఈ జబ్బుకి మందు కనిపెట్టడం కష్టం కావడానికి ఇదొక కారణం. ఇంకో కారణం మనిషి స్వభావంలోనే ఉంది. కళ్ళు బాగా మండుతున్నప్పుడే మనం ఆసుపత్రికి పరిగెడతాం. మే నెలలో ఏసీ గదిలో కూర్చుని చేరినవాళ్ళకి జులై వానల్లో ఎటూ కొంత తగ్గుతుంది. మందు లేకపోయినా తగ్గేదే.

2018లో అమెరికాలో ప్రచురించిన డ్రీమ్ అనే అధ్యయనం చూడండి. ఏడాది పాటు 349 మందికి రోజూ 3 గ్రాముల చేపనూనె ఒమేగా-3 ఇచ్చారు, 186 మందికి ఆలివ్ నూనె మాత్రలిచ్చారు. నూటికి వేసే బాధ స్కోరు చేపనూనె వాళ్ళకి సగటున 13.9 తగ్గింది. ఆలివ్ నూనె వాళ్ళకి? 12.5. ఆ తేడా లెక్కలోకి రాదు. ఆలివ్ నూనె మింగిన ఆ 186 మంది లేకపోయి ఉంటే "చేపనూనె అద్భుతం" అని అందరం నమ్మేసేవాళ్ళం. ఇది బయటికొచ్చి ఇన్నేళ్ళయినా నెలనెలా ఆ మాత్రలు కొనేవాళ్ళు నా బల్ల ముందుకి వస్తూనే ఉన్నారు.

ఏ సీసాలో ఏముందో నాకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. "మీకు తెలిసే ఉంటుంది, చెవిలో చెప్పండి" అని బతిమాలేవాళ్ళుంటారు. సీసా మీద నాకు కనిపించేది ఒక నంబరు, అంతే.

అపోహ: "చుక్కలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి"

కంట్లో వేసిన చుక్క ముక్కులోకి, అక్కణ్ణుంచి గొంతులోకి జారుతుంది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన లిఫిటెగ్రాస్ట్ అనే డ్రై ఐ చుక్కలు వాడిన కొందరికి నోటి రుచి చెడుతుంది. డ్రై ఐ కోసం 2021లో అనుమతి వచ్చిన వరెనిక్లిన్ ముక్కులో కొట్టే స్ప్రే, దాంతో నూటికి 82 మంది తుమ్మారు. ఇవి పెద్ద ప్రమాదాలేం కావు. కానీ పత్రంలో రాసి ఉంటాయి, చదవండి. ట్రయల్ వల్ల కంటికి హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. మందు ఉండి కూడా డమ్మీ ఇవ్వడం వల్ల హాని జరిగినా అదే నియమం.

అన్నట్టు ఆ లిఫిటెగ్రాస్ట్ కథ కొత్త మందు మీద మోజు పడేవాళ్ళందరూ వినాలి. మొదటి పెద్ద ట్రయల్‌లో కంటి ముందు పొర (కార్నియా) బాగుపడింది గానీ బాధ తగ్గినట్టు తేలలేదు. రెండో ట్రయల్‌లో సరిగ్గా తిరగబడింది. బాధ తగ్గింది, పొర విషయం తేలలేదు. మూడోది పెట్టాక గానీ అనుమతి రాలేదు.

అపోహ: "బాధ ఎక్కువని చెబితే తీసుకుంటారు"

బాధ ఎంతుందో అడిగే పన్నెండు ప్రశ్నల కాగితం ఇస్తాం. కొందరు దాని మీద అన్నిటికీ 'ఎప్పుడూ' అని టిక్కు పెట్టేస్తారు. డ్రైవింగే రాని మనిషి రాత్రి బండి నడపడం కష్టంగా ఉందంటాడు! ఎంపిక కాకపోతే మేం స్క్రీన్ ఫెయిల్ అంటాం. ఆ 'ఫెయిల్' అన్న మాటకి కొందరు పదో తరగతి తప్పినంత బాధపడతారు. మీ జబ్బు అబద్ధమని కాదు, ఆ స్టడీ వెతికే లెక్కలోకి మీరు రాలేదంతే.

అపోహ: "డబ్బులిస్తారు", "సంతకం పెడితే ఇరుక్కున్నట్టే"

జబ్బు లేనివాళ్ళ మీద రక్తంలో మందు మోతాదు చూసే బయోఈక్వివలెన్స్ స్టడీలు వేరు. డబ్బు మాట అక్కణ్ణుంచి వచ్చింది. ఇక్కడ మీకు వచ్చేది ప్రయాణ ఖర్చులే. ఇరుక్కోవడం అంటారా, ఏ రోజైనా మానేయవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మీ మామూలు వైద్యం ఆగదు. చెప్పకుండా మాయమైపోతేనే మాకు కష్టం, ఒక్క ఫోన్ చేయండి చాలు. డల్లాస్ నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసి "మా అమ్మ మీద ప్రయోగాలు చేస్తున్నారా?" అని గట్టిగా అడిగాడు. పత్రం వాళ్ళమ్మ దగ్గరే ఉంది, వాట్సాప్‌లో పెట్టించుకుని చదవమన్నాను. మర్నాడు మళ్ళీ చేసి ఎనిమిది ప్రశ్నలడిగాడు, అన్నీ మంచివే. అలాంటి కొడుకులు ఇంకా ఉండాలి.

అపోహ: "పనిచేస్తే ఆ మందు ఇస్తూనే ఉంటారు"

ఇవ్వరు. వేరే మందే లేని జబ్బయితే, డాక్టరు సిఫారసు చేసి కమిటీ ఒప్పుకుంటే ట్రయల్ తర్వాత కూడా ఇచ్చే వీలుంది. డ్రై ఐకి మార్కెట్లో మందులున్నాయి కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు. సుఖం ఇచ్చిన సీసాని చివరి విజిట్‌లో నా చేతిలో పెట్టి వెళ్ళాలి. కొందరికి ఇదే అన్నిటికన్నా కష్టం.

నల్లగొండ పెద్దావిడ రెండ్రోజులు ఆలోచించుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి చేరింది. ఆఖరి రోజు సీసాలన్నీ లెక్కగా బల్ల మీద పెట్టింది, ఒక్కటీ తగ్గలేదు. నేను సంతకాలు పూర్తి చేసుకుంటుంటే సంచిలోంచి పాత ప్లాస్టిక్ కవరు తీసింది.

"ఇగ నావి ఏస్కోవచ్చునా బిడ్డా?"

"ఈ రాత్రి నుంచే వేసుకోండమ్మా. కానీ తొమ్మిదీ కాదు" అని, డేటు దాటిన నాలుగు సీసాలు పక్కకి తీశాను.