రాయలేని పిల్లలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: "నోటితోటి అన్నీ చెప్తడు, రాయమంటే రాయడు. ఉత్త బద్ధకం."

వాస్తవం: నోటితో చెప్పగలిగిన పిల్లవాడు రాతలో ఆగిపోతున్నాడంటే అది డిస్లెక్సియాకు గుర్తు కావచ్చు. తెలివికి లోటు లేదు, అక్షరాన్ని శబ్దంతో కలపడం దగ్గరే చిక్కు. తెలుగులో ఇది ఎక్కువగా ఒత్తుల దగ్గర బయటపడుతుంది: 'పుస్తకం' చూసి 'పుసకం' అంటాడు, 'కష్టం' రాయమంటే 'కషటం' రాస్తాడు. ముందుగా చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తరచూ చెవి కారే పిల్లలకు శబ్దాల తేడా సరిగా అందదు.

అపోహ: "తండా పిల్లలకు చదువు ఎక్కదు."

వాస్తవం: ఈ మాట బడిలో వినపడకూడదు. దేవరకొండ వైపు తండాల్లో చాలామంది పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడికొచ్చాకే తెలుగులో మునుగుతారు. పాలమూరు నుంచి తల్లిదండ్రులతో ముంబై, పుణె వలసపోయిన పిల్లలకు నెలల కొద్దీ పాఠాలు పోతాయి. వీళ్లకు చదవడం రాకపోతే వెంటనే వైకల్యం అనుకోవద్దు. ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి మూడు నెలలు పద్ధతిగా నేర్పండి. పుంజుకుంటే అది భాష, హాజరు సమస్య. నిన్న చదివిన అక్షరం ఇవాళ మళ్లీ కొత్తదవుతూ, ఇంటి భాషలో కూడా మాటను ముక్కలుగా విడగొట్టలేకపోతుంటే మండల భవిత కేంద్రంలోని (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) రిసోర్స్ టీచర్‌కు చూపించండి.

అపోహ: "వందసార్లు రాయిస్తే అదే వస్తది."

వాస్తవం: తప్పుగా చదివినదాన్ని వందసార్లు రాస్తే తప్పే గట్టిపడుతుంది. రోజూ 20 నిమిషాలు చాలు, కానీ మానకూడదు. ఒక విడతకు మూడు అక్షరాలే. థ, ధ మధ్య తేడా ఒక్క చుక్క, అందుకే పోలిక ఉన్నవాటిని ఒకేరోజు నేర్పొద్దు. ఇసుకలో పెద్దగా రాస్తూ శబ్దం పైకి పలకాలి. మాటను చప్పట్లతో విడగొట్టాలి: పు-స్త-కం. పదింటిలో ఎనిమిది తడుముకోకుండా చదివాకే ముందుకు వెళ్లాలి. తొందరపడి గుణింతాలన్నీ ఒకేసారి పెడితే అంతకుముందు వచ్చినవీ కలగాపులగం అవుతాయి.

తరగతిలో ఉన్నట్టుండి లేపి చదివించొద్దు, పేరా ముందురోజే ఇవ్వండి. లెక్కలకు గళ్ల నోటుబుక్కు ఇస్తే ఒకట్లు, పదులు వరస తప్పవు.

అపోహ: "పెద్దగైతే అదే పోతది."

వాస్తవం: డిస్లెక్సియా పోదు, దానికి మందూ లేదు. సరైన బోధనతో చదువు మాత్రం సాగుతుంది.

అపోహ: "పరీక్షలో ఎక్కువ టైమ్ ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయం."

వాస్తవం: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను వైకల్యంగా గుర్తించింది. వైకల్యం 40 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతాయి, అంటే మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, 14 ఏళ్లకు మళ్లీ పరీక్షించుకోవాలి. అందుకే తొమ్మిదో తరగతిలోనే హెడ్మాస్టర్‌తో మాట్లాడండి. స్క్రైబ్ (పరీక్షలో పిల్లవాడు చెప్పింది రాసిపెట్టే మనిషి) దొరికితే ముందే రెండు మూడు పాత ప్రశ్నపత్రాలు చెప్పి రాయించండి. జవాబు తెలిసినా వరసగా చెప్పి రాయించడం అలవాటు లేక చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు.