సన్ పత్రిక మద్దతు కోసం ప్రధానుల పడిగాపులు

2024 జులై 3న, బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల పోలింగుకు ఒక్క రోజు ముందు, 'ది సన్' పత్రిక లేబర్ పార్టీకి మద్దతు ప్రకటించింది. ఆ పార్టీ నేత కియర్ స్టార్మర్ గెలుపు ఖాయమని సర్వేలు అప్పటికే వారాల తరబడి ఘోషిస్తున్నాయి. గెలిచే గుర్రమేదో తేలిపోయాక పందెం కాయడం లాంటిదే ఇది. అయినా మిగతా పత్రికలూ చానళ్లూ దాన్ని వార్తగా రాశాయి. పత్రికకో పార్టీ ఉండటం తెలుగు పాఠకులకు వింతేమీ కాదు గానీ, బ్రిటన్‌లో ఈ తంతుకు వందేళ్ల చరిత్ర ఉంది.

1924 అక్టోబరులో తొలి లేబర్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ఎన్నికలను ఎదుర్కొంటున్నారు. పోలింగుకు నాలుగు రోజుల ముందు 'డైలీ మెయిల్' ఒక ఉత్తరాన్ని బయటపెట్టింది. తిరుగుబాటుకు నేల సిద్ధం చేయమంటూ మాస్కో నుంచి కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ అధిపతి జినోవియెవ్ బ్రిటిష్ కమ్యూనిస్టులకు రాసినట్టుగా ఉంది అది. లేబర్ ఓడింది. ఆ ఉత్తరం దాదాపు నిస్సందేహంగా దొంగదేనని విదేశాంగ శాఖ చరిత్రకారిణి జిల్ బెన్నెట్ 1999లో తేల్చారు. ఉత్తరమే తమ కొంప ముంచిందని లేబర్ వాళ్లు తరాలపాటు చెప్పుకున్నారు. లెక్కలు చూస్తే ఆ పార్టీకి అంతకుముందు కంటే దాదాపు పది లక్షల ఓట్లు ఎక్కువే పడ్డాయి. కుప్పకూలింది లిబరల్ పార్టీ. కన్జర్వేటివ్‌లు లాభపడింది అక్కడే.

పత్రికాధిపతులు నేరుగా బరిలోకి దిగిన సందర్భమూ ఉంది. 1931లో మెయిల్ యజమాని రోథర్‌మియర్, ఎక్స్‌ప్రెస్ యజమాని బీవర్‌బ్రూక్ కలిసి లండన్ ఉప ఎన్నికలో కన్జర్వేటివ్ నేత బాల్డ్విన్ అభ్యర్థి మీద తమ మనిషిని నిలబెట్టారు. బాధ్యత లేని అధికారం కోరుకుంటున్నారు, అది యుగయుగాలుగా వేశ్యలకున్న హక్కు అని బాల్డ్విన్ ఈసడించారు. ఆ మాట అందించింది ఆయన బంధువు, రచయిత కిప్లింగ్. పత్రికాధిపతుల మనిషి ఓడిపోయాడు.

రేడియో, టీవీల దారి వేరు. పార్లమెంటులో రాబోయే పద్నాలుగు రోజుల్లో చర్చకు రానున్న అంశాన్ని ముట్టుకోకూడదన్న నియమం 1956 దాకా బీబీసీ మీద ఉండేది. ఇప్పటికీ ప్రసార సంస్థలు నిష్పక్షపాతంగా ఉండాల్సిందే. టీవీలో పార్టీలు డబ్బిచ్చి ప్రకటనలు వేయించుకోలేవు. అచ్చు పత్రికలకు ఈ పగ్గాలేవీ లేవు. అందుకే వాటి గొంతు అంత పెద్దది.

ఆ గొంతును వాడుకోవడం పత్రికాధిపతి రూపర్ట్ మర్డోక్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియలేదు. ఆయన 1969లో కొన్న సన్, కార్మిక పక్షపు 'డైలీ హెరాల్డ్' స్థానంలో పుట్టిన పత్రిక. 1979లో అది కన్జర్వేటివ్ నేత మార్గరెట్ థాచర్ వైపు తిరిగింది. 1981 జనవరిలో థాచర్, మర్డోక్ ప్రధాని విడిది చెకర్స్‌లో కలిసి భోంచేశారు. ఆ తర్వాత కొద్ది వారాలకే 'టైమ్స్', 'సండే టైమ్స్' ఆయన చేతికొచ్చాయి. గుత్తాధిపత్య కమిషన్ పరిశీలనకు ఆ కొనుగోలు వెళ్లనే లేదు. భోజనం సంగతి థాచర్ పత్రాల ద్వారా లోకానికి తెలిసింది 2012లో.

1992 ఏప్రిల్ 9, పోలింగు రోజు. సన్ మొదటి పేజీలో లేబర్ నేత నీల్ కినాక్ తల ఒక బల్బులో. కినాక్ గెలిస్తే దేశం విడిచి వెళ్లే ఆఖరి మనిషి దయచేసి లైట్లు ఆర్పాలట. గెలిచింది కన్జర్వేటివ్ ప్రధాని జాన్ మేజర్. రెండు రోజులకు అదే పత్రిక, గెలిపించింది మేమేనని జబ్బలు చరుచుకుంది. అలా రాయడం తప్పని ఇరవై ఏళ్ల తర్వాత మర్డోక్ ఒప్పుకున్నారు. కానీ రాజీనామా చేస్తూ కినాక్ కూడా నింద కన్జర్వేటివ్ పత్రికల మీదే వేశారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఆ శీర్షిక ఎన్ని ఓట్లు మార్చిందో గానీ, లేబర్ నాయకులను మాత్రం మార్చేసింది. 1995 జులైలో అప్పటి లేబర్ నేత టోనీ బ్లెయిర్ మర్డోక్ కంపెనీ సమావేశంలో మాట్లాడటానికి ఆస్ట్రేలియాలోని హేమన్ ద్వీపం దాకా విమానమెక్కారు. 1997 మార్చిలో సన్ ఆయన పక్షం చేరింది. నిజానికి సర్వేల్లో లేబర్ అప్పటికే ఎన్నో ఏళ్లుగా ముందుంది.

ఈ బేరసారాల తీరు 2012లో, పత్రికల తీరుపై విచారణ జరిపిన లెవిసన్ కమిషన్ ముందు కొంత బయటపడింది. తాను ఏ ప్రధానినీ ఏమీ అడగలేదని మర్డోక్ ప్రమాణం చేసి చెప్పారు. 1997 ఫిబ్రవరిలో భోజనాల దగ్గర, యూరప్ విధానం మార్చుకోకపోతే తన పత్రికలు మద్దతివ్వలేవని మర్డోక్ అన్నట్టు మేజర్ కూడా ప్రమాణం చేసే చెప్పారు.

ఆ కమిషన్ వేయడానికి కారణం ఫోన్ హ్యాకింగ్. ఆ వ్యవహారంలో చిక్కుకున్న మర్డోక్ వారపత్రిక, 168 ఏళ్ల 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' 2011 జులైలో మూతపడింది. దాని మాజీ ఎడిటర్, తర్వాత కన్జర్వేటివ్ నేత డేవిడ్ కామెరాన్‌కు మీడియా వ్యవహారాలు చూసిన ఆండీ కూల్సన్ 2014లో జైలుకెళ్లారు. లెవిసన్ విచారణ రెండో భాగాన్ని ప్రభుత్వం 2018లో రద్దు చేసింది. స్వతంత్ర నియంత్రణలోకి రాని పత్రికల మీద కోర్టు ఖర్చుల భారం మోపగల చట్ట నిబంధన ఒక్కరోజూ అమలు కాకుండానే 2024లో పోయింది.

ఇప్పుడు సన్ తన అమ్మకాల సంఖ్యే బయటపెట్టడం లేదు. తగాదా టీవీకి మళ్లింది. 2021లో మొదలైన జీబీ న్యూస్ చానల్‌లో కార్యక్రమాలు నడిపిన రిఫార్మ్ యూకే పార్టీ నేత నైజెల్ ఫరాజ్ 2024లో ఎంపీ అయ్యారు. నాయకులే వ్యాఖ్యాతలుగా కూర్చుంటే నిష్పక్షపాత నియమం ఏమవుతుందన్నది తేలలేదు. అదే చానల్‌లో కన్జర్వేటివ్ నేత జేకబ్ రీస్-మాగ్ నడిపిన కార్యక్రమం నిబంధనలు మీరిందన్న నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిర్ణయాలను 2025 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది.